ఎవరి వంతు? ప్రజావైద్యం, పన్ను, పొరుగువాడు

ఢిల్లీ నగరానికి తూర్పు అంచున, ఉత్తరప్రదేశ్ సరిహద్దుకు కూతవేటు దూరంలో దిల్షాద్ గార్డెన్ అనే ప్రాంతం ఉంది. ఢిల్లీ ప్రభుత్వ ఆధ్వర్యంలోని పెద్ద వైద్యశాలల్లో ఒకటైన గురు తేగ్ బహదూర్ ఆసుపత్రి అక్కడే ఉంది. యమునకు తూర్పున ఉన్న బస్తీల ప్రజలకు ఎంతగా ఆధారమో, సరిహద్దు అవతల ఉన్న లోనీ, గాజియాబాద్, సాహిబాబాద్ ప్రాంతాల పేదలకూ అది అంతగానే ఆధారం. వారు రోజూ పనికి వచ్చే దారి, జబ్బు చేస్తే వచ్చే దారి ఒకటే.

2018 అక్టోబరు 1 నుంచి ఈ ఆసుపత్రిలో ఢిల్లీ ప్రభుత్వం ప్రయోగాత్మకంగా ఒక పద్ధతిని అమలు చేసింది. పడకల్లో 80 శాతం ఢిల్లీ నివాసులకు కేటాయించారు. ఉచితంగా మందులు, పరీక్షలు పొందడానికి ఢిల్లీ ఓటరు గుర్తింపు కార్డు చూపాలన్నారు. బయటివారు వైద్యుని సలహా పొందవచ్చు. అత్యవసర వైద్యం అందరికీ ఉంటుంది. తక్కిన సౌకర్యాల్లో మాత్రం స్థానికులకే ప్రాధాన్యం. ఈ ఏర్పాటును సవాలు చేస్తూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యంపై ఢిల్లీ హైకోర్టు అదే నెల 12న తీర్పు చెప్పింది. నివాసాన్ని బట్టి రోగుల మధ్య ఇటువంటి వ్యత్యాసం చూపడం రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమని నిర్ణయించి, ఆ ఉత్తర్వును కొట్టివేసింది.

న్యాయపరంగా వివాదం పన్నెండు రోజుల్లో ముగిసింది. నైతికంగా మాత్రం అది నేటికీ ముగియలేదు. ఒక రాష్ట్రం తన ప్రజల పన్నులతో అందరికీ ఉచిత వైద్యం అందించాలని సంకల్పించినప్పుడు, ఆ 'అందరూ' అనే మాటకు హద్దు ఎక్కడ? పన్ను కట్టినవారా, ఓటు వేసేవారా, లేక ఆసుపత్రి గుమ్మం తొక్కిన ప్రతివారా? సార్వజనీన వైద్యం గురించి జరిగే చర్చల్లో డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు దొరికినంత స్థలం ఈ ప్రశ్నకు దొరకడం లేదు. నిజానికి ఈ రెండు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఆ ముడిని విప్పి చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాత ఆదర్శం, కొత్త బాధ్యత

ప్రజల ధనంతో ప్రజలకు వైద్యం అన్న భావన మనకు కొత్తది కాదు. కర్నూలు జిల్లా ఎర్రగుడి వద్ద బండలపై చెక్కిన అశోకుని శాసనాల్లో రెండవది వైద్యానికి సంబంధించినది. మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటు చేయడం, ఓషధులు లేనిచోట తెప్పించి నాటించడం, దారుల వెంట బావులు తవ్వించడం అందులో ప్రస్తావితమయ్యాయి. మన చర్చకు అవసరమైన విశేషం మరొకటి ఉంది. ఈ ఏర్పాట్లు తన ఏలుబడిలోని ప్రాంతాలకే పరిమితం కావని, సరిహద్దు ఆవల ఉన్న చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్ర దేశాల్లోనూ, తామ్రపర్ణి వరకూ ఉన్నాయని ఆ రాజు ప్రకటించుకున్నాడు. పాలనకు హద్దు ఉన్నా చికిత్సకు హద్దు లేదన్న భావన తెలుగు నేలమీద రాతిపై నిలిచి రెండు వేల సంవత్సరాలు దాటింది.

మరో శాసనం గుంటూరు సీమలోని మల్కాపురానిది. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో, విశ్వేశ్వర శివాచార్యులకు ఇచ్చిన మందడ గ్రామ దానాన్ని అది తెలుపుతుంది. ఆ గ్రామాదాయంతో నడిచిన ధర్మసంస్థల్లో విద్యాలయంతోపాటు ఆరోగ్యశాల, ప్రసూతిశాల కూడా ఉన్నాయి. కులభేదం లేకుండా అన్నం పెట్టే సత్రం కూడా ఉంది. భూమిశిస్తు రూపంలో రైతు చెల్లించిన భాగం వైద్యానికి మళ్లిందంటే, నేటి పరిభాషలో అది పన్నుతో నడిచిన వైద్యమే.

అయితే ఒక భేదాన్ని విస్మరించరాదు. ఆనాటిది దానం. దాత ఇచ్చినంత కాలం ఉంటుంది. పుచ్చుకొనేవానికి అడిగే హక్కు లేదు. ఆధునిక రాజ్యంలో అది బాధ్యత. 1943లో నియమితమై 1946లో నివేదిక సమర్పించిన భోర్ కమిటీ, డబ్బు చెల్లించలేడన్న కారణంగా ఏ వ్యక్తికీ వైద్యం అందకుండా పోరాదన్న సూత్రాన్ని స్వతంత్ర భారతం ముందుంచింది. రాజ్యాంగం 47వ అధికరణం ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటని పేర్కొంది. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో ఆరవ అంశంగా ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం, ఆసుపత్రులు, వైద్యశాలలు చేరాయి. 69వ సవరణ ద్వారా ఢిల్లీకి శాసనసభ ఏర్పడినప్పుడు శాంతిభద్రతలు, పోలీసు, భూమి కేంద్రం చేతిలోనే ఉండిపోయాయి. ఆసుపత్రులు మాత్రం ఢిల్లీ బాధ్యత అయ్యాయి.

ప్రీమియం కాదు, పన్ను ఎందుకు?

వైద్యానికి ధనం సమకూర్చే మార్గాలు స్థూలంగా మూడు. రోగి అప్పటికప్పుడు చెల్లించడం మొదటిది. ముందుగా ప్రీమియం కట్టి బీమా పొందడం రెండవది. అందరూ పన్ను చెల్లించి, అవసరమైనవారు వాడుకోవడం మూడవది.

మొదటి మార్గం ఎంత క్రూరమైనదో మన గ్రామాలకు తెలుసు. ఆపరేషను కోసం ఎకరం అమ్ముకున్న కుటుంబం లేని ఊరు అరుదు. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013-14లో దేశ మొత్తం వైద్యవ్యయంలో ప్రజలు నేరుగా జేబులోంచి పెట్టింది 64.2 శాతం. 2021-22 నాటికి అది 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల హర్షణీయమే. అయినా వైద్యానికయ్యే ప్రతి వంద రూపాయల్లో దాదాపు నలభై రూపాయలు ఇంకా జబ్బు పడిన ఇంటినుంచే వస్తున్నాయన్నది కూడా వాస్తవం. అదే సంవత్సరం ప్రభుత్వాలన్నీ కలిసి ఆరోగ్యంపై చేసిన వ్యయం జాతీయోత్పత్తిలో 1.84 శాతం. 2025 నాటికి 2.5 శాతానికి చేరాలన్నది 2017 జాతీయ ఆరోగ్య విధానం నిర్దేశించుకున్న లక్ష్యం.

రెండవ మార్గం నెలజీతం ఉన్నవారికి అనుకూలం. 1952 ఫిబ్రవరిలో కార్మిక రాజ్య బీమా పథకం ప్రారంభమైన తొలి కేంద్రాలు కాన్పూరు, ఢిల్లీ. ఆ తర్వాత 1954లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం ఢిల్లీలోనే మొదలైంది. జీతం చీటీ ఉన్నవారి నుంచి చందా కోయడం సులువు. రిక్షా తొక్కేవారు, ఇళ్లలో పాచిపని చేసేవారు, కూలీ అడ్డాల మీద నిలబడేవారు ఏ చిట్టా ద్వారా చందా కడతారు? వారినుంచి విడిగా ప్రీమియం వసూలు చేయడానికయ్యే ఖర్చు, వసూలయ్యే మొత్తాన్ని మింగివేస్తుంది.

కాబట్టే మూడవ మార్గం. ఎవరికి ఎప్పుడు ఏ రోగం వస్తుందో ఎవరికీ తెలియదు. తెలియని ఆ భవిష్యత్తు ముందు అందరూ సమానులే. ఆ సమానత్వాన్ని గుర్తించి, ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో శక్తికొద్దీ ఇచ్చి, జబ్బు చేసిన రోజున అవసరం కొద్దీ పొందడం పన్ను ఆధారిత వైద్యం వెనుక ఉన్న నీతి. 2007లో ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ, 2015లో ఢిల్లీలో పీరాగఢీ వద్ద మొదలైన మొహల్లా క్లినిక్, పద్ధతుల్లో ఎంత భిన్నమైనా, ఖజానాధనంతోనే నడిచాయి. ఒకటి పెద్ద చికిత్సకు పూచీ పడితే, మరొకటి చిన్న జబ్బుకు ఇంటి దగ్గరే మందు ఇచ్చింది.

'మా పన్ను, మా పడక' అన్న వాదం

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. స్థానికులకు ప్రాధాన్యం కోరేవారి వాదాన్ని తేలికగా కొట్టివేయడం న్యాయం కాదు. సీలంపూరులో నివసించే ఒక తల్లి తెల్లవారుజామున వచ్చి వరుసలో నిలుచుంటుంది. మధ్యాహ్నం వరకూ ఆమె వంతు రాదు. స్కానింగుకు నెలల తర్వాతి తేదీ ఇస్తారు. వరుసలో తనకు ముందున్నవారిలో చాలామంది పక్క రాష్ట్రం వారని ఆమెకు తెలుస్తుంది. ఢిల్లీ ప్రభుత్వం చాలా ఏళ్లుగా తన బడ్జెట్‌లో పదో వంతుకు పైగా ఆరోగ్యానికి వెచ్చిస్తూ వచ్చింది. పొరుగు ప్రభుత్వాలు తమ ప్రజలకు సరైన ఆసుపత్రులు కట్టకపోతే ఆ భారం మేమెందుకు మోయాలన్న ప్రశ్న ఆమె నోట వినిపిస్తే అందులో దుర్బుద్ధి లేదు.

అయినా ఆ వాదం నిలబడే ఆధారాలను ఒక్కొక్కటిగా పరీక్షించవలసి ఉంది.

మొదటి ఆధారం: పన్ను కట్టింది మేము. ఇది వాస్తవంగా ఎంతవరకు నిజం? లోనీలో అద్దెకుంటూ శాహదరాలో కుట్టుపని చేసే ఒక స్త్రీని ఊహించుకుందాం. ఆమె శ్రమతో తయారైన దుస్తులు ఢిల్లీ బజారులో అమ్ముడవుతాయి. ఢిల్లీలో బిల్లు ఇచ్చే హోటల్లో తిన్నా, చెప్పులు కొన్నా, ఆమె భర్త మోటారు సైకిలుకు అక్కడే పెట్రోలు పోయించుకున్నా, ఆ కొనుగోళ్లపై రాష్ట్రానికి చెందవలసిన పన్ను ఢిల్లీ ఖజానాకే చేరుతుంది. 2017 జూలై 1న అమలులోకి వచ్చిన వస్తుసేవల పన్ను వినియోగం జరిగిన చోటును అనుసరిస్తుంది. పెట్రోలుపై విలువాధారిత పన్ను అమ్మిన చోటును అనుసరిస్తుంది. వీటిలో ఏదీ కొన్నవారి ఓటరు కార్డును అడగదు. అంటే పన్ను వసూలు చేసేటప్పుడు గుర్తుకురాని నివాసం, మందు ఇచ్చేటప్పుడు మాత్రమే గుర్తుకు వస్తున్నదన్నమాట. సంతలో అందరి దగ్గరా సుంకం తీసుకొని, దాహం వేసినప్పుడు బావి మా ఊరివారిదే అనడం వంటిది ఇది.

రెండవ ఆధారం ఇంకా లోతైనది: కట్టినవారికే ఫలం. ఇక్కడ పన్నుకూ రుసుముకూ ఉన్న తేడా గమనార్హం. 1954లో శిరూరు మఠం కేసులో సుప్రీంకోర్టు ఈ తేడాను విస్పష్టంగా వివరించింది. రుసుము ఒక నిర్దిష్ట సేవకు ప్రతిఫలం. పన్ను ప్రతిఫలాపేక్ష లేకుండా ప్రజాప్రయోజనం కోసం నిర్బంధంగా వసూలు చేసేది. నేను కట్టాను గనుక నాకు దక్కాలి అన్న తర్కం రుసుముకు వర్తిస్తుంది, పన్నుకు వర్తించదు. ఒకసారి ఈ తర్కాన్ని ఆసుపత్రిలో అంగీకరిస్తే అది సరిహద్దు దగ్గర ఆగదు. ఎక్కువ పన్ను కట్టిన దక్షిణ ఢిల్లీ వ్యాపారికి, తక్కువ కట్టిన సీలంపూరు తల్లి కన్నా ముందు పడక ఇవ్వాలని అదే తర్కం చెబుతుంది. లోనీ స్త్రీని వరుసలోంచి తప్పించడానికి వాడిన కత్తి సీలంపూరు స్త్రీ మెడకే తగులుతుంది.

మూడవ ఆధారం: గుర్తింపు పత్రం చూపడం ఎంత పని? బ్రిటన్‌లో 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ ప్రారంభమైన తర్వాత, విదేశీ సందర్శకులకు ఉచిత వైద్యం ఎందుకన్న విమర్శ వచ్చింది. ఆ సేవకు రూపశిల్పి అయిన ఎన్యూరిన్ బెవాన్ తన పుస్తకంలో దీనికి సమాధానమిస్తూ, సందర్శకుణ్ణి వేరు చేయాలంటే తాను సందర్శకుడు కానని ప్రతి పౌరుడూ నిరూపించుకోవలసి వస్తుందని ఎత్తిచూపాడు. మన నగరాల్లో ఈ మాటకు మరింత బరువు ఉంది. ఢిల్లీలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న కూలీ ఓటు స్వగ్రామంలోనే ఉండిపోవచ్చు. అద్దె రసీదు ఇవ్వని యజమాని ఇంట్లో ఉండేవారికి చిరునామా రుజువు దొరకదు. ఫుట్‌పాత్‌పై పడుకునే వానికి చిరునామాయే లేదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకు ఓటరు కార్డు ఉండదు. బయటివారిని ఆపడానికి కట్టిన గోడకు మొదట తగిలేది లోపలి పేదలే.

ప్రాణం, సరిహద్దు, చెక్‌పోస్టు

ఈ ప్రశ్న ఢిల్లీకి మాత్రమే పరిమితం కాదని తెలుగువారికి స్వానుభవం. 2020 జూన్ 7న, కోవిడ్ విజృంభిస్తున్న సమయంలో, ఢిల్లీ ప్రభుత్వం తన ఆసుపత్రుల్లోనూ, ప్రత్యేక శస్త్రచికిత్సలు చేసేవి మినహా ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నగరవాసులకే చికిత్స అని ప్రకటించింది. మరుసటి రోజే లెఫ్టినెంట్ గవర్నర్ దానిని రద్దు చేశారు. ఏడాది తిరగకుండానే, 2021 మే నెలలో, తెలంగాణ సరిహద్దుల్లో ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాదుకు వస్తున్న అంబులెన్సులను ఆపారు. ఆసుపత్రి అంగీకారం, ముందస్తు అనుమతి ఉంటేనే లోపలికి రానిస్తామన్న ఉత్తర్వు అమలును తెలంగాణ హైకోర్టు మే 14న నిలిపివేసింది.

2014 జూన్ 2కు ముందు ఆ రోగులు తమ రాజధానికి వెళుతున్నవారు. ఆ తర్వాత పొరుగు రాష్ట్రానికి వెళుతున్నవారయ్యారు. హైదరాబాదులోని పెద్ద ఆసుపత్రులు దశాబ్దాల తరబడి ఇరుప్రాంతాల ప్రజల ధనంతో పెరిగినవే. ఒక గీత మారినంత మాత్రాన, ఊపిరి అందని మనిషి హక్కు మారుతుందా? ఆ ఉత్తర్వు జారీ చేసిన వారికి తమ ప్రజల పట్ల బాధ్యత ఉందన్నది కాదనలేం. ఆక్సిజను కొరత కల్పితం కాదు. అయినా అంబులెన్సులో ఉన్న మనిషికి ఆ సమాధానం చాలదు.

సుప్రీంకోర్టు 1996లో పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో ఇటువంటి సందర్భాన్నే పరిశీలించింది. 1992లో రైలు నుంచి పడి తలకు తీవ్రగాయమైన ఒక కార్మికుణ్ణి కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవనో, సదుపాయం లేదనో తిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో స్వంత డబ్బుతో చికిత్స పొందవలసి వచ్చింది. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని, నిధుల కొరత పేరుతో రాజ్యం ఈ బాధ్యత నుంచి తప్పుకోజాలదని న్యాయస్థానం ప్రకటించింది.

న్యాయస్థానం తలుపు తెరవగలదు. పడకల సంఖ్యను పెంచలేదు. 2018 తీర్పు తర్వాత సీలంపూరు తల్లి నిలుచున్న వరుస పొట్టిది కాలేదు. ఆమె ప్రశ్నకు సమాధానం చెప్పకుండా తీర్పును మాత్రమే కొనియాడితే మన ధర్మవిచారం సగంలోనే ఆగిపోతుంది. పన్ను ఆధారిత వైద్యానికి ప్రజామోదమే పునాది. మా ఆసుపత్రి మాకు అక్కరకు రావడం లేదని స్థానికులు భావించిన నాడు, శక్తి ఉన్నవారు ప్రైవేటు వైద్యానికి తరలిపోతారు. పన్ను కట్టడానికి మనసొప్పదు. చివరకు స్థానికులైన పేదలకూ, పొరుగు పేదలకూ కలిపి మిగిలేది శిథిలమైన ఆసుపత్రి మాత్రమే. కాబట్టి భారం ఎవరు మోయాలన్న ప్రశ్న స్వార్థపూరితమని తోసిపుచ్చదగింది కాదు. అయితే ఆ ప్రశ్నను ఎవరిని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నదే విచార్యం.

లెక్క ఎవరితో తేల్చుకోవాలి?

కెనడా అనుభవం ఇక్కడ మార్గదర్శకం. ఆ సమాఖ్యలోనూ వైద్యం రాష్ట్రాల వంటి ప్రావిన్సుల బాధ్యతే. సస్కాచవాన్ అనే వ్యవసాయ ప్రధానమైన ప్రావిన్సు 1947లో ఆసుపత్రి వైద్యానికి, 1962లో వైద్యుల సేవలకు ప్రజాధనంతో పూచీ పడింది. 1962లో వైద్యులు ఇరవై మూడు రోజులు సమ్మె చేసినా వెనుదీయలేదు. ఒక ప్రావిన్సు చేసి చూపిన దానికి కేంద్రం 1957, 1966 చట్టాలతో ధనసహాయం జోడించి దేశమంతటికీ విస్తరింపజేసింది. 1984 చట్టం ఆ సహాయానికి విధించిన ఐదు షరతుల్లో ఒకటి: పౌరుడు ఎక్కడికి వెళ్లినా అతని వైద్యహక్కు అతని వెంటే వెళ్లాలి. వేరే ప్రావిన్సుకు మారిన వ్యక్తి కొత్తచోట అర్హత పొందడానికి మూడు నెలలకు మించి వేచి ఉండనక్కరలేదు. ఆ గడువులో పాత ప్రావిన్సే భరిస్తుంది. లెక్కలు ప్రభుత్వాల మధ్య తేలుతాయి. రోగి మంచం పక్కన కాదు.

మన దేశంలో ఈ సూత్రం పూర్తిగా అపరిచితం కాదు. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పథకంలో లబ్ధిదారు ఇతర రాష్ట్రంలో చికిత్స పొందినా ఖర్చును స్వరాష్ట్రమే చెల్లిస్తుంది. ఢిల్లీ 2025 ఏప్రిల్‌లో ఆ పథకంలో చేరింది. అయితే అది ఆసుపత్రిలో చేరినవారికి, అర్హుల జాబితాలో ఉన్నవారికి వర్తించే ఏర్పాటు. రోజువారీ ఓపీ చీటీ, మధుమేహానికి నెలనెలా మాత్రలు, రక్తపరీక్ష దాని పరిధిలోకి రావు. దిల్షాద్ గార్డెన్ వరుసలో నిలుచున్నవారిలో అధిక సంఖ్యాకుల అవసరం సరిగ్గా అదే.

జాతీయ రాజధాని ప్రాంతంలో ఈ లోటును పూరించడానికి కావలసిన సంస్థాగత అనుభవం లేకపోలేదు. 1985లో పార్లమెంటు చేసిన చట్టంతో ఈ ప్రాంతానికి ప్రణాళికా మండలి ఏర్పడింది. ఢిల్లీ నుంచి మీరట్‌కు వేగవంతమైన రైలు వేయడానికి ఏర్పాటైన సంస్థలో కేంద్రం 50 శాతం, ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ ఒక్కొక్కటి 12.5 శాతం వాటా తీసుకున్నాయి. ఆ మార్గంలో తొలి భాగం 2023 అక్టోబరులో ప్రారంభమైంది. గాలి కాలుష్యాన్ని అరికట్టడానికి 2021లో చేసిన చట్టం ఢిల్లీ, హర్యానా, పంజాబ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్‌లకు కలిపి ఒకే సంఘాన్ని ఏర్పరచింది. రైలు పట్టాలకు సరిహద్దు అడ్డు కాలేదు. పొగకు సరిహద్దు లేదని చట్టమే అంగీకరించింది. అదే పొగ పీల్చి దగ్గుతూ వచ్చిన రోగికి మాత్రం సరిహద్దు ఉందనడం ఏ తర్కం?

ఈ ప్రాంతానికి ఉమ్మడి ఆరోగ్య నిధి ఒకటి ఏర్పడవచ్చు. ఏ ఆసుపత్రిలో ఎవరు చికిత్స పొందినా నిరాకరణ ఉండదు. రోగి చెప్పిన ఊరిని వైద్యం జరిగిన తర్వాత లెక్క కోసం నమోదు చేస్తారు. చిరునామా లేనివారి ఖర్చును ఉమ్మడిగా భరిస్తారు. ఏడాది చివర ప్రభుత్వాలు లెక్క చూసుకుంటాయి. తన ప్రజలు అధిక సంఖ్యలో సరిహద్దు దాటుతున్న ప్రభుత్వం, పొరుగువానికి చెల్లించడం కన్నా తన చోటే ఆసుపత్రి కట్టడం మేలని గ్రహిస్తుంది. ఆ ఆసుపత్రి లేచిన నాడు సీలంపూరు తల్లి వరుస నిజంగా పొట్టిదవుతుంది. రోగిని తరిమితే పొరుగు ప్రభుత్వానికి ఏ నష్టమూ లేదు. లెక్క పంపితేనే అది ఆలోచిస్తుంది.

కేంద్రం పాత్రను కూడా విస్మరించరాదు. ఆదాయపు పన్ను, కంపెనీల పన్ను వంటి శక్తిని బట్టి పెరిగే పన్నులు కేంద్రానివి. రాష్ట్రాలకు మిగిలినవి ఎక్కువగా కొనుగోళ్లపై పడే పన్నులు. వృత్తిపన్నును సైతం రాజ్యాంగం ఏడాదికి 2,500 రూపాయలకు పరిమితం చేసింది. కొనుగోళ్లపై పన్ను ధనికుడి కన్నా పేదవాడి ఆదాయంలో ఎక్కువ భాగాన్ని తీసుకుంటుంది. మద్యంపై సుంకం రాబడి సంగతి చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమాన్ని, 1995లో వచ్చిన మద్యనిషేధాన్ని, రెండేళ్లకే దాని సడలింపును చూసిన తెలుగువారికి, ఒక చేత్తో రోగం అమ్మి మరో చేత్తో మందు ఇచ్చే ఖజానా సంకటం బాగా తెలుసు. కేంద్ర పన్నుల విభాజ్య నిధిలో ఇతర రాష్ట్రాలకు లభించే వాటా కేంద్రపాలిత ప్రాంతమైన ఢిల్లీకి లేదు. రాష్ట్రస్థాయిలో సార్వజనీన వైద్యం న్యాయంగా నిలవాలంటే, శక్తి ఉన్నవారి నుంచి వచ్చే కేంద్ర పన్నుల్లో భాగం దానికి తోడు కావాలి.

ఒక మాటలో రెండు అర్థాలు

తెలుగులో 'వంతు' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒక పనికి నేను ఇవ్వవలసిన భాగం నా వంతు. వరుసలో నాకు వచ్చే అవకాశం కూడా నా వంతే. ఈ వ్యాసంలో చర్చించిన చిక్కంతా ఈ రెండు వంతులను ఒకదానితో ఒకటి కలిపివేయడం వల్ల వచ్చినదే. నీ వంతు ఇచ్చావా అని అడిగి, ఇచ్చినవారికే వంతు వచ్చేలా చేయాలన్నది 2018 నాటి ఉత్తర్వు సారాంశం. బజారులో ఇది సరైన పద్ధతి. ఆసుపత్రిలో కాదు.

ఇవ్వవలసిన వంతు శక్తిని బట్టి నిర్ణయం కావాలి. దానిని చట్టసభల్లో, ఆర్థిక సంఘాల్లో, ప్రభుత్వాల మధ్య గట్టిగా వాదించి తేల్చుకోవచ్చు, తేల్చుకోవాలి కూడా. పొందవలసిన వంతు జబ్బు తీవ్రతను బట్టి నిర్ణయం కావాలి. దానిని వైద్యుడు నాడి పట్టుకొని తేలుస్తాడు. మొదటి లెక్కలో తేడా వస్తే మరుసటి ఏడాది సరిదిద్దుకోవచ్చు. రెండవ లెక్కలో తేడా వస్తే సరిదిద్దుకోవడానికి మనిషి మిగలకపోవచ్చు.

సీలంపూరు తల్లి, లోనీ కుట్టుపని స్త్రీ ఒకే వరుసలో నిలుచున్నారు. ఒకరి వంతును మరొకరు కాజేస్తున్నారన్న అనుమానాన్ని వారి మధ్య పెంచడం సులభం. నిజానికి ఇద్దరి వంతునూ ఎగవేసినవారు ఆ వరుసలో లేరు. వారిని వెతికి లెక్క అడగవలసిన బాధ్యత ఓటరు కార్డు ఎక్కడిదైనా, మనందరిదీ.